లేసు అల్లే చేతికి లెక్కేది?

టీపాయ్ మీద పరిచిన తెల్లటి లేసు గుడ్డని చూస్తే చేత్తో ఒకసారి తడిమి చూడని ఆడవాళ్ళుండరు. "ఎంత సన్నటి పనో!" అనుకుంటాం. ధర అడుగుతాం. కొంచెం తగ్గించమని బేరమాడతాం. ఆ గుడ్డలో ఎన్ని పూలున్నాయో, ఒక్కో పువ్వూ ఎవరి ఒళ్ళో కూర్చుని పూసిందో అడగాలని మాత్రం తోచదు.

పేపర్లో ఎగుమతుల పేజీ వచ్చేసరికి మనలో చాలామంది గబుక్కున తిప్పేస్తాం. సబ్సిడీలు, సుంకాలు, విదేశీ మారకం... అవన్నీ మగవాళ్ళ గొడవలనీ, ఢిల్లీ గొడవలనీ ఒక నమ్మకం. కానీ మన గోదావరి జిల్లాల్లో ఒక ఎగుమతి పరిశ్రమ ఉంది. దానికి ఫ్యాక్టరీ గేటు లేదు, సైరను లేదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక, పిల్లలు బడి నుంచి రాకముందు, వీధరుగు మీదో పెరటి జామచెట్టు కిందో నడుస్తుంది. అదే నరసాపురం లేసు. దేశానికి డాలర్లు తెచ్చే విధానం ఇంట్లో పనిచేసే ఆడమనిషి దాకా ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మిషన్ బంగళా నుంచి వీధరుగు దాకా

ఈ పని మన నేల మీద పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాకి తెచ్చారు. 1844లో మొదలైందని చెబుతారు. మొదట నేర్చుకున్నవాళ్ళు కొత్తగా క్రైస్తవంలో చేరిన పేద కుటుంబాల ఆడవాళ్ళు. తర్వాత తర్వాత గడప దాటి పొలం పనికి వెళ్ళడం పరువు తక్కువ అనుకునే కాపు ఇళ్ళలోకీ ఈ సూది చేరింది. బయటికి వెళ్ళక్కర్లేదు, ఎవరికీ కనిపించక్కర్లేదు, నాలుగు డబ్బులు వస్తాయి. ఇంకేం కావాలి?

ఆ "కనిపించక్కర్లేదు" అన్న మాటలోనే తిరకాసంతా ఉంది.

పని ఎలా సాగుతుందో చూడండి. ఏజంటు దారం ఉండలు తెచ్చి ఇస్తాడు. ఒకావిడ పూలు మాత్రమే అల్లుతుంది. దాన్ని చేతిపని అంటారు. ఆ పూలన్నీ పోగుచేసి ఇంకొకావిడకి ఇస్తే ఆవిడ వాటిని కలుపుతుంది. అది అతుకుపని. కాజాకుట్టు వేరేవాళ్ళది. చివరికి గుడ్డ తయారై, ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి, ఎగుమతిదారు గోదాములోంచి ఓడ ఎక్కుతుంది. ఇంగ్లండ్, అమెరికా, ఫ్రాన్స్‌లకి వెళ్తుంది. పువ్వు అల్లినావిడ పూర్తయిన గుడ్డని చూడదు. గుడ్డ కొన్నావిడకి పువ్వు అల్లినావిడ తెలియదు. మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఎవరి చేతిలో ఎంత మిగిలిందో ఇద్దరికీ తెలియదు.

"ఖాళీగా కూర్చునే బదులు..."

1977-78లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఈ ఇళ్ళలో తిరిగారు. ఆవిడ పుస్తకం 1982లో అచ్చయింది. దాని ఉపశీర్షిక మాటల్లో చెప్పాలంటే, ప్రపంచ మార్కెట్టు కోసం ఉత్పత్తి చేస్తున్న భారతీయ గృహిణుల కథ అది. 2023లో ఆవిడ కన్నుమూసేదాకా ప్రపంచంలో ఆడవాళ్ళ పని గురించి ఎక్కడ చర్చ వచ్చినా నరసాపురం పేరు వినిపిస్తూనే ఉంది.

ఆవిడ చూసింది ఇదీ. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్న ఆడవాళ్ళకి ఆ రోజుల్లో సగటున ఒక్క రూపాయి కూడా గిట్టడం లేదు. అప్పటి కూలి రేట్లతో పోల్చినా అది అన్యాయమే. అయినా ఎవరూ అడగలేదు. కారణం? వ్యాపారులూ, ఇంట్లో మగవాళ్ళూ, చివరికి అల్లుతున్న ఆడవాళ్ళు కూడా దాన్ని పని అనుకోలేదు. "ఖాళీగా కూర్చునే బదులు ఏదో అల్లుకుంటున్నాం" అనుకున్నారు. తీరికవేళ కాలక్షేపానికి కూలి అడుగుతారా ఎవరైనా?

ఇది పాత కథ అని తోసెయ్యకండి. మొన్నామధ్య చుట్టాలింట్లో పెళ్ళికి ఆ వైపు వెళ్ళాను. పక్కింటావిడ విడిది గుమ్మంలో కూర్చుని కూడా చేతిలో సూది ఆపలేదు.

"ఏం పని చేస్తారండీ?" అంటే, "పనేముందండీ, ఇంట్లోనే ఉంటాను" అంది.

"మరి ఇదో?"

"ఇదా... ఇది లేసండీ" అని నవ్వేసింది.

రెండు పూలకి పసుపు మరక అంటిందని ఏజంటు తిప్పికొట్టాడట. దారం డబ్బులు కూడా కోసుకున్నాడట. "మనదేగా తప్పు" అంది మళ్ళీ తనే. పెళ్ళివారింట్లో పసుపు అంటకుండా ఎలా ఉంటుంది చెప్పండి!

ఎగుమతికిచ్చే చేయూత ఎవరి చేతికి?

ఇక ప్రభుత్వం సంగతి. ఎగుమతులకి మన ప్రభుత్వం చాలా చేస్తుంది. చెయ్యాలి కూడా. సరుకు అమ్మినా పన్నుని మాత్రం విదేశీయుడికి అమ్మకూడదన్నది ప్రపంచమంతా పాటించే సూత్రం. మనం కట్టిన పన్నులన్నీ ధరలో కలిపేస్తే బజారులో మన సరుకు ఖరీదైపోయి పక్క దేశం సరుకు అమ్ముడవుతుంది. అందుకే ముడిసరుకు మీద పడ్డ సుంకాన్ని ఎగుమతిదారుకి తిరిగి ఇచ్చే పద్ధతి 1962 కస్టమ్స్ చట్టంలోనే ఉంది. దాన్ని డ్యూటీ డ్రాబ్యాక్ అంటారు. సరుకు విలువలో ఇంత శాతం అని రేట్లు ప్రకటిస్తారు.

హస్తకళలకి వేరే మండలి కూడా ఉంది. హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి 1986-87లో ఏర్పడింది. విదేశీ కొనుగోలుదారుల్ని రప్పించి ఢిల్లీలో పెద్ద పెద్ద సంతలు జరిపిస్తుంది. 2015లో ఎగుమతి చేసిన సరుకు విలువని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే పథకం ఒకటి వచ్చింది. ఇది పన్ను తిరిగివ్వడం కాదు, సబ్సిడీ అని 2018లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకి ఫిర్యాదు చేసింది. 2019లో తీర్పు మనకి వ్యతిరేకంగా వచ్చింది. మనం అప్పీలుకి వెళ్ళాం గానీ ఆ పథకం మాత్రం ఆగింది. 2021 జనవరి 1 నుంచి దాని స్థానంలో, సరుకులో ఇమిడిపోయిన పన్నుల్ని మాత్రమే తిరిగిచ్చే పథకం మొదలైంది. దుస్తులకీ, దుప్పట్లూ బల్లగుడ్డల్లాంటి తయారీ బట్టలకీ ఇలాంటిదే 2019 మార్చి నుంచి విడిగా ఉంది.

ఇవన్నీ తప్పని ఎవరూ అనరు. ఎగుమతిదారు నెలల తరబడి డబ్బు పెట్టి కూర్చోవాలి. కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే దెబ్బ అతనికే. అతనికి చేయూత కావాలి. కానీ ఒక్క విషయం గమనించండి. ఈ సాయమంతా నడిచేది కాగితం మీద. ఎగుమతి చెయ్యాలంటే పది అంకెల ఎగుమతి-దిగుమతి కోడు ఉండాలి. ఓడరేవులో సరుకు బిల్లు ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ళ ఖాతాలోకి వెళ్తుంది. ఆ బిల్లులో సరుకు బరువుంటుంది, విలువుంటుంది, దేశం పేరుంటుంది. అల్లినవాళ్ళెవరు, వాళ్ళకెంత ఇచ్చారు అన్న గడి మాత్రం ఉండదు. రేపు ఆ శాతం పెరిగినా పువ్వు రేటు పెరగాలన్న నియమం ఎక్కడా లేదు.

తగ్గినప్పుడు మాత్రం ఆ వార్త అరుగు దాకా చాలా వేగంగా వస్తుంది. చైనా నుంచి మిషను మీద నేసిన లేసు వచ్చిపడినప్పుడు ఇదే జరిగింది. కొనేవాడు ధర తగ్గించమంటే ఎగుమతిదారు ఏజంటుని తగ్గించమంటాడు, ఏజంటు వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం వైపు రొయ్యల రైతులు గగ్గోలు పెట్టారు. ఆ కష్టం పేపర్లకెక్కింది, అసోసియేషన్లు ఢిల్లీ వెళ్ళాయి. లేసు అల్లే ఆవిడ ఏ అసోసియేషన్ తరఫున వెళ్తుంది? ఆవిడ "ఇంట్లోనే" ఉంటుంది కదా!

బీడీ చుట్టే చెయ్యి, లేసు అల్లే చెయ్యి

ఇంట్లో కూర్చుని చేసే పనికి చట్టం వర్తించడం కుదరదంటారా? కుదురుతుంది. తెలంగాణలో నిజామాబాద్, కరీంనగర్ వైపు వెళ్తే ఇంటింటా ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళదీ ఇదే పద్ధతి. ఆకూ తంబాకూ కంపెనీ నుంచి వస్తాయి, ఇంట్లో చుట్టి అప్పగిస్తారు, బీడీల లెక్కన డబ్బులు. తేడా ఎక్కడంటే, 1966లో పార్లమెంటు బీడీ కార్మికుల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. ఇంట్లో చుట్టేవాళ్ళని కూడా ఉద్యోగులుగానే లెక్కించింది. సెలవు జీతం, ప్రసూతి సదుపాయం ఆ చట్టంలో ఉన్నాయి. బీడీలు బాగాలేవని తిప్పికొడితే ఆ తగాదాని అధికారి దగ్గర తేల్చుకునే దారి కూడా పెట్టింది.

ప్రావిడెంట్ ఫండ్ విషయంలో కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. "వాళ్ళు మా దగ్గర పనిచెయ్యరు, వాళ్ళిళ్ళల్లో చేసుకుంటారు" అని వాదించాయి. 1985లో కోర్టు ఒప్పుకోలేదు. తెచ్చిన సరుకు బాగుందో లేదో చూసి తిరస్కరించే హక్కు నీకుందంటే ఆ పని మీద నీకు అదుపున్నట్టే అంది. ఇంట్లో కూర్చుని చుట్టినా వాళ్ళు నీ పనివాళ్ళే అంది.

పసుపు మరక పువ్వు గుర్తుందా? ఆ తీర్పు బీడీల గురించి. కానీ అందులోని తర్కం లేసుకి పనికిరాదా? దారం నీది, నమూనా నీది, బాగుందో లేదో చెప్పే మాట నీది. మరి పనిమనిషి మాత్రం నీ మనిషి ఎలా కాకుండా పోతుంది?

బీడీ ఆడవాళ్ళ బతుకు పూలపాన్పు అని కాదు. పొగాకు దుమ్ముతో దగ్గులు, నడుం నొప్పులు, నెలకి సరిపడా పని దొరక్కపోవడం వాళ్ళకీ ఉన్నాయి. కానీ వాళ్ళ చేతిలో ఒక పుస్తకం ఉంది. ఎన్ని బీడీలు, ఏ తారీకున అన్నది అందులో రాసి ఉంటుంది. పింఛను అడగడానికైనా, పీఎఫ్ అడగడానికైనా ఆ పుస్తకమే సాక్ష్యం. లేసు ఆడవాళ్ళ దగ్గర లేనిదల్లా అదే.

చట్టాలు ఏమంటున్నాయి?

1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ముడిసరుకు తీసుకుని ఇంట్లో పనిచేసేవాళ్ళు కూడా ఉద్యోగులే అన్న మాట ఉండేది. అయితే ఆ పని ప్రభుత్వ జాబితాలో ఉండాలి, యజమాని ఎవరో తేలాలి. ఏజంటుని అడిగితే షావుకారుని చూపిస్తాడు, షావుకారు ఏజంటుని చూపిస్తాడు. మన విశ్వకర్మ పథకమే చూడండి. 2023 సెప్టెంబరులో 18 వృత్తులతో మొదలైంది. చేపల వలలు అల్లేవాళ్ళున్నారు, దర్జీలున్నారు, పూలదండలు కట్టేవాళ్ళున్నారు. లేసు అల్లేవాళ్ళు ఆ జాబితాలో లేరు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. 1948 చట్టం, బీడీ చట్టం లాంటివన్నీ వాటిలో కలిసిపోయాయి. కనీస వేతనం ఫలానా జాబితాలోని పనులకే అన్న షరతు పోయింది. సామాజిక భద్రత కోడులో "ఇంటి దగ్గర పనిచేసే కార్మికులు" అన్న మాటకి నిర్వచనం ఉంది. యజమాని కోసం తన ఇంట్లోనే సరుకు తయారుచేసి ప్రతిఫలం తీసుకునేవాళ్ళు అని దాని సారాంశం. ముడిసరుకు ఎవరిచ్చారన్నదానితో పని లేదు. మంచిదే. కానీ నిర్వచనం పుస్తకంలో ఉంటే చాలదు, ఆ నిర్వచనంలోకి వస్తానని చూపించే కాగితం ఆవిడ చేతిలో ఉండాలి.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుపతి లడ్డూకి, పోచంపల్లి ఇక్కత్‌కి ఉన్నలాంటిదే. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లో 19 మండలాలకి ఆ పేరు దక్కింది. ఇకమీదట మిషను లేసుకి నరసాపురం పేరు తగిలించి అమ్మితే నేరం. చాలా సంతోషం. అయితే ఈ గుర్తింపు కాపాడేది పేరుని, కూలిని కాదు. ఆ పేరు వాడుకునే హక్కు ఎవరికంటే, ఆ చట్టం కింద అధీకృత వినియోగదారులుగా నమోదైనవాళ్ళకి. ఆ నమోదుకి ఉత్పత్తిదారులెవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. అల్లేవాళ్ళ సంఘాలు నమోదు కాకుండా వ్యాపారులు మాత్రమే నమోదైతే, పేరు తెచ్చే లాభం కూడా పాత దారినే పోతుంది.

ఆ గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లలో వచ్చిన లెక్క 15 వేల పైచిలుకు ఆడవాళ్ళని. మీస్ వచ్చిన రోజుల్లో లక్షకి పైగా అన్నారు. ఈ మధ్యలో ఎంతమంది మానేశారు, ఎంతమంది అల్లుతూనే లెక్కకి రాకుండా పోయారు? చెప్పడానికి రిజిస్టరు ఉంటేగా!

మరి ఏం చెయ్యాలి?

మొదటిది, గడియారం పెట్టుకుని అల్లి చూడటం. గంటకి నాలుగు పూలు అల్లగలరనుకుందాం. ఎనిమిది గంటలకి ముప్ఫై రెండు. ఆ పనికి ప్రభుత్వం చెప్పిన రోజు కూలి 480 రూపాయలనుకుంటే, దాన్ని ముప్ఫై రెండుతో భాగించండి. పువ్వుకి పదిహేను రూపాయలు రావాలి. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. మీ చేతివేగం, మీ ప్రాంతం కూలి రేటు పెట్టి మీరే కట్టుకోండి. పీసు లెక్కన ఇచ్చినా రోజు కూలికి తగ్గకూడదన్నది పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడులోనూ ఉంది.

రెండోది, రాయడం. ఏ తారీకున ఎంత దారం ఇచ్చారు, ఎన్ని పూలు అప్పగించారు, ఎన్ని తిప్పికొట్టారు, ఎంత డబ్బిచ్చారు. ఏజంటు చేత సంతకం పెట్టించగలిగితే మరీ మంచిది. పెట్టనంటే ఆ మాటా రాసుకోండి.

మూడోది, గుర్తింపు కార్డులు. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ నమోదు ఉచితం. 16 నుంచి 59 ఏళ్ళ వాళ్ళు చేరచ్చు. మీసేవ లాంటి కేంద్రాల్లో ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకెళితే చేసిపెడతారు. వృత్తి దగ్గర "గృహిణి" అని రాయించకండి, లేసు పని అని రాయించండి. కేంద్ర జౌళి శాఖ హస్తకళాకారులకిచ్చే గుర్తింపు కార్డు వేరే ఉంది. శిక్షణలకి, సంతల్లో అంగళ్ళకి అది పనికొస్తుంది.

నాలుగోది, కలిసి నడవడం. నరసాపురం దగ్గర లేసు పార్కు, మహిళల సంఘాల సమాఖ్య ఉన్నాయి. ఎగుమతి కోడు షావుకార్లకే రాసిపెట్టింది కాదు. సంఘం పేరు మీద కూడా తెచ్చుకోవచ్చు. సరుకు బిల్లు సంఘం పేరున ఉంటే, ఇందాక చెప్పుకున్న డ్రాబ్యాకులూ తిరిగిచ్చే పన్నులూ సంఘం ఖాతాలోకే వస్తాయి. కొనేవాళ్ళని వెతుక్కోవడం, నాణ్యత ఒక్కలా ఉండేట్టు చూడటం, డబ్బు వచ్చేదాకా నిలదొక్కుకోవడం కష్టమే. స్వయం సహాయక సంఘాలు పెట్టి పొదుపు చేసి బ్యాంకుల్ని నమ్మించిన ఆడవాళ్ళకి ఇది చేతకాని పనా?

ప్రభుత్వం చెయ్యాల్సింది కూడా కొండంత పని కాదు. ఎగుమతిదారు ప్రోత్సాహకం అడిగినప్పుడు, ఎంతమంది ఇళ్ళల్లో ఈ సరుకు చేయించారో, పీసుకి ఎంతిచ్చారో ఒక పట్టీ జతపరచమంటే చాలు. అంత పట్టీ అడగని ప్రభుత్వం ఎవరికి సాయం చేస్తున్నట్టు?

ఇవన్నీ ఒక్క రోజులో జరగవు. కానీ ఒకే వీధిలో ఉన్న నలుగురు, ఏజంటు వచ్చేముందు రోజు కూర్చుని, ఎవరికి పువ్వుకి ఎంతిస్తున్నాడో ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. ఒక్క రూళ్ళ పుస్తకం, ఒక్క పెన్సిలు ఉంటే చాలు. మొదటి పేజీ మీద పేరు రాసి, పేరు కింద "లేసు కార్మికురాలు" అని రాయండి.

అది రాసినరోజున "ఏం పని చేస్తారండీ?" అన్న ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం ఏజంటు దగ్గర అడిగి తీసుకుందాం.